ఆయనకి ‘మీరు’, నాకు ‘నువ్వు’

ఎందుకు నవ్వింది? బస్సు గుంటూరు దాటి పేరేచర్ల రోడ్డెక్కింది. పక్కనాయన మిర్చి యార్డు నుంచి వస్తున్నట్టున్నాడు, చొక్కా నిండా ఘాటు. ముందు సీట్లలో ఎవరో ఆపకుండా తుమ్ముతున్నారు, కిటికీ అద్దం టపటపా కొట్టుకుంటోంది, ఇన్నిటి మధ్యలో నా చెవిలో ఒక్క నవ్వే తిరుగుతోంది. భవ్య నవ్వు. పెద్ద నవ్వేం కాదు. ముందు ముక్కులోంచి గాలి వదిలి, పెదవులు బిగబట్టి, అయినా ఆగక బయటికొచ్చిన నవ్వు. అది నాకు తెలుసు. ఏడేళ్ళుగా దాన్ని రప్పించడానికి నేనెన్ని వేషాలేస్తానో నాకే తెలుసు, వంటింటి గుమ్మంలో నిలబడి మా కోల్డ్ స్టోరేజీ ఓనరు నడకంతా నడిచి చూపిస్తాను, ఫోన్లో మా అన్న గొంతు పెట్టి మాట్లాడతాను, పది వేషాలకి ఒకసారి వస్తుంది ఆ నవ్వు. వాడు, ఆ శ్రీకృష్ణ, ఒక్క మాటతో రప్పించాడు. లాయరు గారి ఆఫీసు మెట్ల మీద, నేను పైమెట్టు మీద పాప చెప్పు తొడుగుతుంటే, కిందిమెట్టు మీద వాడూ తనూ. “అమ్మ ఇప్పటికీ...” అన్నంతవరకే వినపడింది నాకు. మిగతాది ఆటో హారన్లో కలిసిపోయింది. తర్వాత నవ్వు.

తను అదుగో, డ్రైవరు వెనక మూడో వరసలో, ఆడవాళ్ళ సీట్లో. నేనిక్కడ వెనక, ఒళ్ళో తేజశ్రీ, కాళ్ళ మధ్య సంచి. ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేసినప్పట్నుంచీ పల్లెవెలుగులో సీటు దొరకడమే గొప్ప, కాబట్టి విడివిడిగా కూర్చోవడం వింతేం కాదు, చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది. కానీ ఎక్కగానే తను వెనక్కి తిరిగి చూడలేదు. పాపని నా చేతికిచ్చి, సంచి నా భుజానికి తగిలించి, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళిపోయింది. ఇక్కణ్ణుంచి తన జడ సగం కనిపిస్తోంది, మెడ మీద చెమటకి అంటుకున్న నాలుగు వెంట్రుకలు, జాకెట్టు పైన మెడనొప్పికి పొద్దున నేను రాసిన మందు మరక. పక్కనున్నావిడ ఏదో అడిగితే తల ఊపింది. ఆవిడతో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. గంట ప్రయాణం, సత్తెనపల్లి దాకా ఇలాగే.

ఏడేళ్ళ కిందట నేను తనని చూడకముందే తన గొంతు విన్నాను. కోల్డ్ స్టోరేజీలో మిషను రూము నాదే, అమ్మోనియా పైపు జాయింటు ఒకచోట ఊడింది, కళ్ళు మూసుకుపోయి, నిప్పులు పోసినట్టు మంట, ఎవరో బండి మీద వేసుకుని సత్తెనపల్లిలో హాస్పిటల్‌కి తీసుకొచ్చారు. “కళ్ళు తెరువు, తెరువు, నేనున్నాగా,” అంటూ సెలైను ధారగా పోస్తూనే ఉంది ఒక గొంతు. తెరిచాక కనిపించిన మొదటి మొహం తనది, అక్కడ నర్సు. అప్పటికే తను వినుకొండ నుంచి వచ్చేసి రెండేళ్ళు. తన భర్త శ్రీకృష్ణకి అక్కడ పురుగుమందుల కొట్టు, మంచి వ్యాపారం, కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదట. తన ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో ఉండేది. జీతం తనది, కార్డు ఆయనది. రోజూ పొద్దున్నే డ్యూటీకి పోయేముందు గుమ్మంలో నిలబడి బస్సు చార్జీలు ఇమ్మని అడగాలి. ఆయన చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చేవాడట, ఒకరోజు రూపాయి తక్కువైతే కండక్టరు దింపేసింది. “ఆ రోజు వెనక్కి నడవలేదు సాల్మన్, ముందుకే నడిచా,” అంది నాతో, మొదటిసారి చెప్పినప్పుడు. వాళ్ళ నాన్న బుల్లయ్య గారు పది ఎకరాల మిరప రైతు. భర్తని వదిలేసిన కూతురికి తలుపు తియ్యలేదు, తర్వాత దళితపేటవాడినైన నాతో ఉంటోందని తెలిశాక ఆ కూతురే లేదన్నాడు. విడాకులు లేవు. విడాకుల్లేకుండా మాకు పెళ్ళి లేదు. పెళ్ళి లేకుండానే రెండు గదుల ఇల్లు, గ్యాసు స్టవ్వు, పాప, అన్నీ వచ్చాయి. ఇంటి ఓనరుకి మాత్రం భార్యాభర్తలమని చెప్పాం.

“మీరెక్కడికి?” అంది కండక్టరమ్మ, మిషను పట్టుకుని నా నెత్తిన నిలబడి. ముందునుంచి భవ్య గొంతు, “నా కార్డు వెనకాల ఆయన దగ్గర సంచిలో ఉందండీ!” బస్సంతా నా వైపు చూసింది. సంచి జిప్పు తీశాను. పైనే పేపర్లో చుట్టిన డబ్బు కట్ట, దాని కింద తన ఆధార్ కార్డు. కట్ట కనపడకుండా చెయ్యి అడ్డుపెట్టి కార్డు తీసిచ్చాను. ఆవిడ కార్డు చూసింది, పాపని చూసింది, నన్ను చూసింది. “వీళ్ళిద్దరికీ జీరో టిక్కెట్టు. శ్రీకృష్ణ గారూ, మీకు సత్తెనపల్లేనా?” కార్డు మీద అచ్చయి ఉంది మరి, డబ్ల్యూ బై ఓ శ్రీకృష్ణ, వినుకొండ. మార్పించమని నేనెన్నిసార్లు అడిగానో. ఎవరి పేరు వేయించను సాల్మన్, మా నాన్నది వేయించను, నీది వెయ్యాలంటే కాగితం అడుగుతారు, అంటుంది. నోరు తెరిచి చెబుదామనుకున్నాను, నేను శ్రీకృష్ణని కాదమ్మా అని. అంటే మరెవరంటుంది. ఎందుకొచ్చిన గొడవని, “ఆఁ, సత్తెనపల్లే,” అని యాభై నోటిచ్చాను. ఒళ్ళో తేజ తలెత్తింది. దాని గొంతు వాళ్ళమ్మ గొంతే, బస్సు చివరి దాకా వినపడుతుంది. “శ్రీకృష్ణ కాదు! మా నాన్న సాల్మన్!” కండక్టరమ్మ కార్డు మళ్ళీ చూసింది. పక్కనాయన మోకాలు కొంచెం అటు జరుపుకున్నాడు. ముందు మూడో వరసలో భవ్య వెనక్కి తిరిగింది, ఒక్క క్షణం, తన కళ్ళు నా మీదే. నేను ఒప్పుకున్నానని, ఆ పేరుకి నేను పలికానని తనకి తెలిసిపోయింది. కండక్టరమ్మ ఏమీ అనకుండా చిల్లర చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను సంతోషించాల్సిన మాట పాప చెప్పింది, నాకు సిగ్గేసింది. దాని తల నిమిరాను. అలాగే నిద్రలోకి జారిపోయింది.

పేరేచర్ల. క్వారీల దుమ్ము. ఒక కొండ సగం లేదు. ఇద్దరు దిగారు, ఆరుగురు ఎక్కారు. నిన్న రాత్రి ఎంత బాగున్నాం. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది నాకు. స్టోరేజీలో మిర్చి బస్తాల ఘాటు నా ఒంట్లో ఉంటుంది ఎప్పుడూ, డ్యూటీ నుంచి రాగానే స్నానం చేస్తే గానీ పాపని ఎత్తుకోను, దాని కళ్ళు మండుతాయి. ఇవాళ రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాను, లాయరు ముందు, వాడి ముందు ఘాటు కొట్టకూడదని. వాడొచ్చాడు, బంగారం రంగు వాచీ, బట్టతల ఇంకా మొదలవలేదు, నాకంటే పొడుగు. పొడుగని తనెప్పుడూ చెప్పలేదు. పాప ముందు వంగి, “ఏం పేరమ్మా?” అని చాక్లెట్ తీశాడు జేబులోంచి. జేబులో పెట్టుకుని వచ్చాడు, అంటే ముందే అనుకుని వచ్చాడు. పాప నా వైపు చూసింది తీసుకోనా అని. నేను తల ఊపే లోపల భవ్య అంది, “తీసుకోమ్మా. థాంక్స్ చెప్పు. మీరు కూర్చోండి, ప్రయాణం చేసొచ్చారు కదా.”

మీరు. కూర్చోండి. వచ్చారు కదా. లాయరు ముబీన్ గారి ముందు గంటసేపు కూర్చున్నాం, ఆ గంటలో తను వాడిని మీరు అని ఎన్నిసార్లందో, ప్రతిసారీ నాకు చిన్న సూది దిగింది. ఏవండీ అని కూడా ఒకసారి వచ్చింది, అలవాటుగా, తనే గమనించలేదు. నన్ను మొదటి రోజు నుంచీ నువ్వే. సాల్మన్, చెంబందుకో. సాల్మన్, నీకు చెప్పానా లేదా. ఏడేళ్ళు ఆ నువ్వు నాకెంత ఇష్టంగా ఉండేదో, మా పేటలో మగాళ్ళంతా పెళ్ళాల చేత అండీలు అనిపించుకుంటుంటే నాది వేరే అనుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఆ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే అది తిరగబడింది. అండీ భర్తకి. నువ్వు ఎవరికైనా. ఆటోవాడికి కూడా నువ్వే. అంటే తన లోపల ఎక్కడో ఒక కుర్చీ ఉంది, పెళ్ళిలో వేసిన కుర్చీ, దాంట్లో వాడే కూర్చుని ఉన్నాడు, తొమ్మిదేళ్ళయినా ఎవరూ లేపలేదు. నేను చాప మీద కూర్చుని అన్నం తింటున్నాను. ఇలాంటి ఆలోచనలు వస్తాయని ఎవరికైనా చెబితే నవ్వుతారు. ముప్పై ఆరేళ్ళవాణ్ణి, ఇరవై వేల బస్తాల సరుకు వేడెక్కకుండా, చెడకుండా చూసేవాణ్ణి.

ముబీన్ గారు మంచాయన, మెల్లగా చెప్పాడు. ఇద్దరూ ఇష్టపడి సంతకాలు పెడితే పని తొందరగా అవుతుందని, కొట్లాడితే ఏళ్ళు పడుతుందని. శ్రీకృష్ణ ముందునుంచీ అడుగుతున్న నాలుగు లక్షల దగ్గరే ఉన్నాడని. పెళ్ళి ఖర్చులట. బుల్లయ్య గారు పెట్టిన బంగారం ఇంకా వాడి బీరువాలోనే ఉంది, ఆ మాట భవ్య అంటే వాడు, “అది అమ్మ దగ్గరుంది, దాని సంగతి వేరు,” అన్నాడు. తర్వాత ముబీన్ గారు గొంతు ఇంకా తగ్గించి ఒక మాట చెప్పాడు. భర్త ఉండగా పుట్టిన పిల్లని చట్టం మొదట భర్త పిల్లగానే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే, అని. హాస్పిటల్లో కాగితం మీద తండ్రి పేరు సాల్మన్ అని రాయించాం, స్కూల్లోనూ అదే. అయినా అలా అనుకుంటుందట. నేను పాప వైపు చూశాను, అది చాక్లెట్ కాగితం మడతలు పెడుతోంది, వాడి చాక్లెట్. వాడు కూడా పాప వైపే చూస్తున్నాడు. పాపకి నా బొటనవేళ్ళు. నా చెవులు. చట్టానికి చెవులు చూపించాలా?

అందుకే నేను డబ్బు ఇచ్చేద్దామంటాను. నాలుగు నెలలుగా ఇంట్లో ఇదే రగడ. సంక్రాంతి తర్వాత తన చీటీ వచ్చింది, మూడు లక్షలు. తను నెలనెలా కట్టిన చీటీ, నా జీతం కంటే తన జీతం ఏడు వేలు ఎక్కువ, ఇంటద్దె తనది, బియ్యం పప్పులు నావి, పాప ఫీజు సగం సగం, ఇదీ మా పద్ధతి. చీటీ డబ్బుతో రెండు సెంట్ల స్థలం కొందామంటుంది, హాస్పిటల్ వెనక కొత్త లేఅవుటులో. నేను, ఆ స్థలం ఎవరి పేరు మీద, డబ్ల్యూ బై ఓ ఎవరని రిజిస్టరు చేస్తారు, ముందు వాణ్ణి వదిలించుకుందాం అంటాను. తను, “నన్ను నేను కొనుక్కోను. నా కష్టంతో ఆయన కొట్టుకి ఇంకో అర తయారవుద్దా?” అంటుంది. మొదట్లో ఆ మాటకి నా ఛాతీ ఉబ్బింది. తర్వాతెప్పుడో అది కూడా తిరగబడింది. ఇవ్వనంటోందంటే కాగితం అక్కర్లేదన్నమాట. కాగితం అక్కర్లేదంటే... ఇలా మొదలైతే ఇక తెల్లారదు. ఇస్తానని ఉంటే మాత్రం? అప్పుడేమనుకునేవాణ్ణి? వాడికి డబ్బు పెట్టడానికి ఎంత తొందరో అనుకునేవాణ్ణి. రెండు వైపులా నాకు వాడే కనిపిస్తాడు.

మా ఇంట్లో ఒక నియమముంది. తనే పెట్టింది, ఇంట్లో చేరిన మొదటి వారం. ఎవరి డబ్బు వాళ్ళ దగ్గర, కానీ ఒకళ్ళకి చెప్పకుండా ఇంకొకళ్ళు అప్పు చెయ్యకూడదు. నవ్వుతూ పెట్టిన నియమం కాదు. మొన్న మా స్టోరేజీ ఓనరు చెంచయ్య గారి దగ్గరికెళ్ళి లక్షన్నర అడిగాను. ఏడాది పాటు జీతంలో కోసుకోమన్నాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు. పేపర్లో చుట్టి సంచి అడుగున పెట్టి గుంటూరు తెచ్చాను, తనకి చెప్పలేదు. అవసరమైతే తీద్దాం, లేకపోతే వెనక్కిచ్చేద్దాం అనుకున్నాను. మెట్ల మీద ఆ నవ్వు వినకపోతే తీసేవాణ్ణి కాదు, నిజం. టీ తాగొద్దామని కిందికి దిగాం, వాడూ తనూ నా ముందు దిగారు, వాడేదో అన్నాడు, తను నవ్వింది, మళ్ళీ పైకొచ్చి కూర్చున్నాం, నేను సంచి జిప్పు తీసి కట్ట తీసి ముబీన్ గారి బల్ల మీద పెట్టాను. “లక్షన్నర ఉంది. ఇప్పుడు తీసుకుని సంతకం పెట్టమనండి. మిగతాది నెలలో ఇస్తా.” వాడి మొహంలో ముందు ఆశ్చర్యం, ఆ తర్వాత ఏదో తేలికపాటి సంతోషం. భవ్య కట్ట వైపు చూసింది. నా వైపు చూడలేదు. “ఎక్కడిది?” అంది. నేను సంచి జిప్పు సర్దుతున్నాను. “ఆ డబ్బు తియ్యి సాల్మన్.” అందరి ముందూ. చిన్న పిల్లాడితో చెప్పినట్టు. తీశాను. తను లేచి, ముబీన్ గారికి దణ్ణం పెట్టి, వాడితో, “మీరు వెళ్ళిరండి,” అని కిందికి దిగిపోయింది. బస్టాండు దాకా నడిచాం, నేను వెనక, తను ముందు, పాప మధ్యలో మా ఇద్దరి వేళ్ళూ పట్టుకుని.

మేడికొండూరు దగ్గర కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, బస్సు కిటికీలోంచి ఎర్రటి నేల అటూ ఇటూ, ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఫోను మోగింది. కొత్త నంబరు. పాప లేస్తుందేమోనని వెంటనే ఎత్తాను.

“సాల్మన్ గారూ, శ్రీకృష్ణని. లాయరు గారి గుమాస్తా దగ్గర నంబరు తీసుకున్నా. బస్సులో ఉన్నారా? ఆవిడ పక్కనే ఉందా?”

“లేదు. ముందు కూర్చుంది.”

“మంచిదైంది. చూడండి బ్రదర్, మీరు మంచోళ్ళు. ఆడాళ్ళ పంతాలకీ లాయర్ల వాయిదాలకీ పోతే మనకి తెమలదు. మగాళ్ళం మనం తేల్చుకుందాం. నాలుగొద్దు. రెండు చాలు. ఇందాక తెచ్చింది రేపు నాకు పంపెయ్యండి, ఇంకో యాభై మీ వీలు చూసుకుని ఇవ్వండి. వచ్చేవారం వచ్చి సంతకం పెట్టేస్తా. పాప జోలికి నేనొస్తానా, ఛఛ.”

రెండు. రెండుకే అయిపోతుంది. ఈ సంచిలో ముప్పాతిక భాగం ఉంది. తను స్థలం కొనుక్కోవచ్చు, చీటీ ముట్టుకోనక్కర్లేదు, కార్డు మార్పించొచ్చు, తేజ నా కూతురు, ఏ చట్టం ఏమనుకున్నా. నా అప్పు నేను తీర్చుకుంటాను, రాత్రి డ్యూటీలు చేస్తాను. తన మెడ చూశాను. పక్కావిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నట్టుంది. తెలియక్కర్లేదు. కొన్ని తెలియకుండా చేస్తేనే మంచిది. “సరే, మరి భవ్యకి ఏం చెప్పాలి?” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, మెల్లగా, దొంగలా, చెయ్యి ఫోనుకి అడ్డుపెట్టుకుని. మాట్లాడుతూనే ఉన్నాం, ఎక్కడ కలవాలి, నోట్లా ఫోనులోనా, సంతకం ముందా డబ్బు ముందా. పత్తి బేరమాడినట్టు. వాడు సరుకు తూకం బాగా తెలిసినవాడు, ఓపిగ్గా చెబుతున్నాడు.

“ఆవిడకా? డబ్బు సంగతి చెప్పొద్దు బ్రదర్. ఊరికే వదిలేశానని చెప్పండి. శ్రీకృష్ణ మనసు మార్చుకున్నాడంట, పాపని చూసి జాలేసిందంట, రూపాయి వద్దన్నాడంట అని. నాకూ కాస్త మర్యాద మిగులుద్ది కదా. ఎంతైనా రెండేళ్ళు కాపురం చేసిన మనిషి.”

అక్కడ ఆగిపోయాను. అంటే నేను చెంచయ్య గారి దగ్గర ఏడాది పాటు జీతం కోయించుకుంటాను, తను మాత్రం వాణ్ణి తలుచుకుంటుంది. పోనీలే, చివరికి మంచిగానే చేశాడు, అనుకుంటుంది. ఎప్పుడైనా సాయంత్రం బియ్యం కడుగుతూ అనుకుంటుంది. నాతో కూడా అంటుంది, ఆయనలో ఆ గుణం ఉందిలే సాల్మన్ అని, నేను ఔనౌను అని తల ఊపాలి. డబ్బు నాది, మంచితనం వాడిది. ఆ నవ్వుకి తోడు ఇదొకటి నేనే కొని వాడి చేతిలో పెట్టాలి, జీవితాంతం. మంచీ చెడూ ఆలోచించి లేచానని చెప్పుకుంటే అబద్ధం. ఇంట్లో నియమం గుర్తొచ్చి కూడా కాదు. కుళ్ళుతో లేచాను. పచ్చి కుళ్ళుతో. పాపని భుజానేసుకుని, సంచి మోచేతికి తగిలించుకుని, ఫోను చేత్తో పట్టుకుని, “కాస్త జరగండి, కాస్త జరగండి,” అంటూ ముందుకి నడిచాను. చెవికి దూరంగా ఉన్నా వాడి గొంతు వినిపిస్తూనే ఉంది, హలో హలో అని.

“భవ్యా.” కళ్ళు తెరిచింది. “నీకే.”

ఫోను తీసుకుని నా మొహంలోకి చూసింది, ఎవరని అడగకుండానే చెవిన పెట్టుకుంది. వింది. వాడు ఫోన్లో ఇంకా నేనే ఉన్నాననుకుని ఏదో చెబుతున్నాడు. పక్కావిడ మా ఇద్దరి వైపూ చూస్తోంది.

“నేనండీ, భవ్యని,” అంది చివరికి. “రెండా? మంచిదండీ. తగ్గించారు. కానీ అమ్మేది మీరూ కొనేది ఆయనా అయితే మధ్యలో నేనేంటండీ, బస్తానా? ... లేదండీ, అరవడం లేదు. బంగారం లిస్టు ముబీన్ గారికి ఇస్తాను, కేసు నేనే వేస్తాను, మీరు కోర్టుకి రండి. ఉంటానండీ.”

హాస్పిటల్లో బిల్లు కట్టకుండా గొడవచేసే వాళ్ళతో మాట్లాడే గొంతు. అవే అండీలు. అక్కడ కౌంటరు దగ్గర వాటిని నేను వందసార్లు విన్నాను, అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా. మరి పొద్దున ఎందుకు వినపడలేదో. హాయిగా అనిపించాలి. కొంచెం అనిపించింది కూడా. అంతలో తను ఫోను కట్ చేసి నాకివ్వబోతూ ఆగింది. తెర వైపే చూస్తోంది. తెర మీద ఆ నంబరూ, దాని కింద మాట్లాడిన నిమిషాలూ.

“నాతో రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు,” అంది. “ఇది తొమ్మిదని చూపిస్తోంది.”

పక్కావిడ దిగాల్సిన ఊరొచ్చినట్టుంది, లేచింది. ఆ సీట్లో కూర్చున్నాను. పాప కాళ్ళు తన ఒళ్ళోకి, తల నా ఒళ్ళోకి. దాచి లాభం లేదు. అంతా చెప్పాను. రెండనగానే ఆశ పుట్టిందని, ఎక్కడ కలవాలో కూడా మాట్లాడుకున్నానని, నీకు చెప్పకూడదనే అనుకున్నానని. వాడికి మంచిపేరొస్తుందనేసరికి ఓర్వలేక లేచొచ్చానని. లేకపోతే రేపు ఇచ్చేసేవాణ్ణేమో. తను కిటికీలోంచి బయటికే చూస్తూ వింది. పత్తి తీసేసిన చేలు, ఎండిన పత్తికట్టె, ఎక్కడో ఒకచోట కాలుస్తున్న పొగ. తన చెంప కదులుతోంది, పళ్ళు కొరుకుతోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు.

“ఆయన కార్డు దాచుకున్నాడు,” అంది. “నువ్వు అప్పు దాచావు.”

జారుతున్న పాప తల ఒళ్ళోకి సర్దాను.

“పాప సంగతి నాకు భయం లేదనుకున్నావా? నువ్వు పడుకున్నాక లేచి దాని మొహం చూస్తుంటా. డబ్బిస్తే ఆ భయం పోదు సాల్మన్. ఇవాళ రెండిస్తే, అలవాటవుద్ది వాడికి. పాప పెద్దమనిషైతే మళ్ళీ అడుగుతాడు. పెళ్ళికి మళ్ళీ అడుగుతాడు.” వాడు అంది. మొదటిసారి. నేను విన్నట్టు కనపడకుండా విన్నాను. “రేపు పొద్దున్నే చెంచయ్య గారి దగ్గరికి పోదాం. నేనూ వస్తా. లక్షన్నరా ఆయన చేతిలో పెట్టేదాకా నేను డ్యూటీకి పోను.”

“సరే.”

“చీటీలోంచి లాయరు ఫీజు తీద్దాం. మిగతాది స్థలానికి.”

“సరే,” అన్నాను. అన్నిటికీ సరే అనే పరిస్థితిలో ఉన్నాను. అయినా అది నా గొంతులోనే ఉంది, అడగకపోతే ఈ రాత్రి కూడా పోదు, ఇంకో ఏడేళ్ళయినా పోదు. సిగ్గు విడిచి అడిగేశాను. “మెట్ల మీద ఎందుకు నవ్వావు?”

తను నా వైపు తిరిగింది. ముందు అర్థం కాలేదు తనకి. అర్థమయ్యాక, ఇంత గొడవలో నేను మోసుకొచ్చింది అదా అన్నట్టు చూసింది. “వాళ్ళమ్మ బర్రెదూడకి నా పేరు పెట్టిందంట. రోజూ పొద్దున్నే పేడ తీస్తూ ఒసే భవ్యా, నీ కాళ్ళు విరగ, జరగవే అని తిడుతుందంట.” పెదవులు బిగబట్టింది. “నవ్వు రాదా మరి?”

వస్తుంది. నాకూ వచ్చేదే, వేరే ఎవరైనా చెప్పి ఉంటే. వాడు చెప్పాడు కాబట్టి రాలేదు. బాగా చెప్పగలడన్నమాట. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా తనకి ఏం చెబితే నవ్వొస్తుందో వాడికి తెలుసు. ఆ సూది అక్కడే ఉంది, తీసెయ్యడానికి ఏ కోర్టూ లేదు. ఉండనీ. మా పేటలో దూడలకి పేర్లు పెట్టరు, అలాంటి కబురు చెప్పి నవ్వించడం నావల్ల కాదు, అదొక్కటే అనిపించింది.

సత్తెనపల్లి ఇంకా రెండు మైళ్ళుండగా ఒక ముసలావిడ గంపతో ఎక్కింది, వరసలన్నీ చూసుకుంటూ వచ్చి మా దగ్గర ఆగింది. “ఆడాళ్ళ సీటయ్యా ఇది. లేరా, పిల్లగాడివి, నిలబడలేవా?” పాప తల భవ్య ఒళ్ళోకి జరిపి లేచాను. గంప కింద పెట్టి కూలబడింది, పమిటతో మొహం తుడుచుకుంది. భవ్య పాప కాళ్ళు సర్దింది. నేను పైన కడ్డీ పట్టుకుని, సంచి ఛాతీకి ఆనించుకుని, వాళ్ళ మీదికి వంగి నిలబడ్డాను. ముసలావిడ పాపని చూసింది, నా చెవులు చూసింది, మళ్ళీ పాపని చూసింది.

“అచ్చు తండ్రి పోలికే,” అంది భవ్యతో. “మీ ఆయనేనా?”

ఇంటి ఓనరు అడిగినప్పుడు ఔనంది, స్కూల్లో అడిగినప్పుడు ఔనంది, హాస్పిటల్లో ఎవరడిగినా ఔననే అంటుంది, ఆలోచించకుండా. ఈసారి ఆలోచించింది. తల ఎత్తి నన్ను పైనుంచి కింది దాకా చూసింది, చేతిలో సంచితో సహా. నేను కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

“ఇంకా కాలేదు పెద్దమ్మా,” అంది భవ్య. “కేసు తేలాక చూడాలి.”